మంచినీళ్ళ కోసం ఉప్పు

రాతిని గురించి అభిప్రాయం చెప్పదలచినవాడు ముందు దాన్ని నీళ్ళలో వేసి చూడాలి. దేవుణ్ణి గురించి, కులాన్ని గురించి, ప్రభుత్వాన్ని గురించి చెప్పదలచినవాడు కూడా ఇలాంటి పని ఏదో ఒకటి చెయ్యాలని నా నమ్మకం. ఆ సంగతులు వేరే చోట్ల చాలా రాశాను, తిట్లు కూడా తగినన్ని తిన్నాను. ఇక్కడ రాతి గురించే చెబుతాను. ప్రయోగశాలల్లో కొత్తగా చేరుతున్న యువకులు అప్పుడప్పుడు వచ్చి, "మీ కాలంలో పరికరాలు లేకుండా ఎలా పని చేశారండీ" అని జాలిగా అడుగుతుంటారు. పరికరాలు ఉన్నాయి నాయనా. వాటిని ఏం అడగాలో మాకు తెలియలేదు. మీకు తెలుసా అన్నది మీరే చూసుకోండి.

అరవైల మొదట్లో నేను నెల్లూరులో మట్టీ రాయీ పరీక్షించే ఒక చిన్న ప్రయోగశాలలో కెమిస్టుని. జిల్లాలో ఎక్కడ లోతు బోరు వేసినా, వంతెనకు పునాది చూసినా, భూమి లోపలి నుంచి తీసిన రాతి కడ్డీలు చెక్కపెట్టెల్లో మా దగ్గరికి వచ్చేవి. బోరు యంత్రం బోలు గొట్టంతో భూమిని కొరుక్కుంటూ దిగితే, గొట్టం లోపల రోకలి లావున మిగిలే రాయి అది. దాన్ని కోర్ అంటారు. మా కట్టడంలో రెండు గదులు. రాతిలో ఉప్పెంత, సున్నమెంత, ఇనుమెంత అన్నది మా రసాయనాల గది తేల్చేది. రాయి ఎంత బరువుకు పగులుతుందో పక్కనున్న ప్రెస్సు గది తేల్చేది. రెండు గదుల మధ్య ఒక తలుపు ఉండేది. దానికి అటువైపు వాళ్ళు బీరువా పెట్టుకున్నారు, ఇటువైపు మేము నీళ్ళ డ్రమ్ము పెట్టుకున్నాం. ఒకే రాయిని రెండు ముక్కలు చేసి, చెరొక ముక్కా పంచుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా రిపోర్టులు రాసేవాళ్ళం.

మా గదికి పెద్ద కెమిస్టు ఒక ముసలాయన. నిలువు నామం పెట్టుకుని, త్రాసు ముట్టుకునే ముందు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేవారు. అవి నేను సెలవు దొరికితే చాలు ఊరూరా సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు చెరుగుతున్న రోజులు. "ఆ మంత్రం బరువు కూడా తూకంలో కలుస్తుందా అండీ?" అని ఒకసారి అడిగాను. ఆయన కళ్ళజోడు మీదుగా చూసి, "నీ ఉపన్యాసం బరువు కలవకుండా చూసుకో నాయనా, చాలు" అన్నారు. ఆయన తూకంలో తప్పు పట్టాలని చాలాకాలం ప్రయత్నించాను. దొరకలేదు.

ముత్తుకూరు దాటి తూర్పుగా పోతే ఉప్పునీళ్ళ కాలువ వస్తుంది. ఆ కాలువకీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బల మీద చేపలు పట్టేవాళ్ళ పాలెం ఒకటి ఉంది. వానలు పడ్డ నెలల్లో ఇసుకలో చెలమ తవ్వుకుంటే కాసిని మంచినీళ్ళు ఊరేవి. ఎండాకాలం వచ్చేసరికి చెలమలు ఉప్పెక్కేవి. అప్పుడు ఆడవాళ్ళు బిందెలు పడవలో వేసుకుని కాలువ దాటి, రైతుల ఊరికి నడిచి, అక్కడి బావి దగ్గర నిలబడేవారు. నిలబడటమే, తోడుకునే హక్కు లేదు. ఎవరో ఒక ఇంటామె తీరిక చేసుకుని వచ్చి, తోడి, పైనుంచి బిందెల్లో పోసేది. సముద్రం మీద ప్రాణానికి తెగించి పట్టిన చేపను ఆ చేతి నుంచే కొని వండుకునేవాళ్ళకు, అదే చెయ్యి బొక్కెన తాడు పట్టుకుంటే మైల. ఈ తర్కాన్ని ఏ ప్రెస్సులో పెట్టి నొక్కినా పగలదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ పాలెం చెలమల దగ్గర, కాలువ గట్టున గుడిసెల్లో ఉండే యానాదుల ఆడవాళ్ళు కుండలు పట్టుకుని దూరంగా నిలబడటం నేను చూశాను. వాళ్ళకు పాలెం ఆడవాళ్ళు పైనుంచి పోసేవారు.

ఆ పాలెంలో బోరు వెయ్యాలని మా శాఖ నిర్ణయించింది. పైన ఇసుక, ఇసుకలో ఉప్పునీళ్ళు. దాని కింద దళసరిగా షేల్ రాయి. యుగాల తరబడి బంకమట్టి బరువు కింద నలిగి, పొరలు పొరలుగా రాయైపోయినదే షేల్. దాని కింద మెత్తటి ఇసుకరాయి ఉంటుందనీ, అందులో మంచినీళ్ళు ఉండవచ్చనీ భూగర్భ శాస్త్రజ్ఞుల ఊహ. ఉండవచ్చు అన్న మాట పాలేనికి చేరేసరికి ఉన్నాయి అయిపోయింది. ఆశ ఎక్కడైనా ఇలాగే ప్రయాణం చేస్తుంది.

బోరు యంత్రం తిరిగేటప్పుడు గొట్టం చల్లబడటానికీ, రాతిపొడి పైకి రావడానికీ నీళ్ళు పంపుతూ ఉండాలి. పక్కనే కాలువ ఉంది కాబట్టి బోరు పని చూస్తున్న ఇంజనీరు ఆ ఉప్పునీళ్ళే పంపాడు. మొదటి పెట్టెలు మా గదికి వచ్చాయి. రాయి ఉప్పు కషాయంలా ఉంది. అది రాతి ఉప్పో కాలువ ఉప్పో ఎలా చెప్పాలి? పెద్ద కెమిస్టుగారూ నేనూ కలిసి, ఇక మీదట మంచినీళ్ళతోనే తవ్వాలని రాశాం. రసాయన శాస్త్రం ప్రకారం అందులో తప్పు లేదు. అదే వారం ప్రెస్సు గది తన ముక్కను ఎండబెట్టి, నొక్కి చూసి, రాయి గట్టిది, ఇనుప తొడుగు లేకుండానే బోరు గోడ నిలబడుతుంది అని రాసింది. అందులోనూ తప్పు లేదు. రెండు రిపోర్టులనూ ఇంజనీరు వేదంలా పాటించాడు. డ్రమ్ముల్లో మంచినీళ్ళు పడవలెక్కించి తెప్పించి, తొడుగు లేని బోరులోకి పంపుతూ షేల్ లోపలికి దిగాడు.

ఆ డ్రమ్ములు చూసి పాలెం ఆడవాళ్ళు అన్న మాట తర్వాత నా చెవిన పడింది. "మా గొంతులో పోసే దిక్కు లేదు గానీ బొక్కలో పోస్తుండారు చూడు" అన్నారట.

షేల్‌లో బాగా లోతుకు పోయాక గొట్టం బిగుసుకుపోయింది. తిరగదు, పైకి రాదు, కిందికి పోదు. యంత్రం ఎంత లాగినా తీగలు మూలిగాయే కాని గొట్టం కదలలేదు. గంగమ్మ పట్టుకుందని పాలెం తీర్పు చెప్పేసింది. బోరు మొదలుపెట్టే ముందు అమ్మవారికి ఏటపోతును ఇవ్వాలని వాళ్ళు అడిగితే, ఇంజనీరు ఒక టెంకాయ కొట్టి సరిపెట్టాడట. టెంకాయకీ ఏటపోతుకీ మధ్య ఉన్న తేడా గొట్టం చుట్టూ బిగిసిందన్నమాట. పై ఆఫీసు తీర్పు వేరే. వానలు మొదలయ్యేలోగా గొట్టం రాకపోతే, అక్కడికి కోసేసి వదిలిపెట్టి, యంత్రాన్ని చిల్లకూరు వైపు తరలించాలి. ఆ తర్వాత ఆ ఇసుక మీదికి మళ్ళీ బోరు యంత్రం వచ్చే మాట కల్ల.

ఇంజనీరు కబురు పెడితే, మిగిలిన కోర్ ముక్కలు సంచిలో వేసుకుని నేను వెళ్ళాను. ఆయన నాకన్నా చిన్నవాడు, మొరటు మాట, మంచి మనసు. డేరా ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటపోతుకు డబ్బు నేనే ఇచ్చేస్తానండీ," అన్నాడు. "గొట్టం వస్తే చాలు, నాకు సిద్ధాంతాలేం లేవు."

"ఇచ్చాక కూడా రాకపోతే?"

"రెండోది ఇస్తా."

"మంద అయిపోతే?"

"అప్పుడు మిమ్మల్ని ఇస్తా. కూర్చోండి, టీ తాగండి."

టీ తాగుతూ సంచిలోని ముక్కను చేతిలోకి తీసుకున్నాను. పొడిగా, గట్టిగా, గోరు దిగకుండా ఉంది. మా ప్రెస్సు చూసింది ఈ రాయిని. బోరు లోపల ఉన్నది ఈ రాయి కాదు, నీళ్ళలో నానుతున్న రాయి. ఇంత చిన్న ముక్క నా బుర్రలోకి రావడానికి కాలువ దాకా జీపులో రావలసి వచ్చింది. ఖాళీ గ్లాసులు రెండు తీసుకుని ఒకదాంట్లో డ్రమ్ము నీళ్ళు, ఒకదాంట్లో ఉప్పు బాగా కలిపిన నీళ్ళు పోసి, ఒకే ముక్కను రెండుగా విరిచి చెరోదాంట్లో వేశాను. మంచినీళ్ళలో ముక్క కాసేపు బుడగలు వదిలింది, తర్వాత నానిన అప్పడంలా పొరలు విప్పుకుంది, ఉబ్బింది, చివరికి ముద్దయింది. ఉప్పునీళ్ళ ముక్క వేసినది వేసినట్టే ఉంది. కొన్ని జాతుల బంకమట్టికి ఆ గుణం ఉంది. మంచినీళ్ళను పీల్చుకుని ఉబ్బుతుంది, ఉప్పు ఎక్కువైన నీళ్ళలో ముడుచుకుంటుంది. పుస్తకంలో చదివిన సంగతే. చదివినది చదివిన చోటే ఉండిపోయింది.

ఇంజనీరు గ్లాసుల్లోకి చూశాడు.

"అంటే మీ గది మంచినీళ్ళు పొయ్యమంది, పోశాను. మీ పక్క గది గోడ నిలబడుతుందంది, నమ్మాను. ఇప్పుడు గోడ ఉబ్బి గొట్టాన్ని పట్టుకుంది."

"అవును."

"ఇప్పుడు మీరే వచ్చి ఉప్పు పొయ్యమంటారు."

"చిక్కటి ఉప్పునీళ్ళు. గొట్టం చుట్టూ తిప్పుతూ ఉంటే ఉబ్బు దిగుతుంది."

"తప్పకుండా దిగుతుందా?"

"దిగాలి."

"నిన్నటిదాకా నిలబడాలి అన్నారు," అని గ్లాసు పక్కన పెట్టి, ఉప్పు కొఠారు నుంచి బస్తాలు తెప్పించడానికి బండి పంపాడు.

బండి కాలువ గట్టుకు చేరింది. అక్కడే ఆగిపోయింది. మంచినీళ్ళు వస్తాయని ఎదురు చూస్తున్న బోరులో గవర్నమెంటోళ్ళు ఉప్పు బస్తాలు గుమ్మరించబోతున్నారన్న వార్త పాలెంలో గుప్పుమంది. పాలెం పెద్ద దురాయి వేశాడు. దురాయి అంటే ఆ పాలేల్లో పెద్దలు పెట్టే కట్టు. వేశాక ఎవరూ దాటరు. పడవ కదలదు, కూలికి మనిషి రాడు, బస్తా దిగదు. పోలీసు మాటకన్నా గట్టి మాట అది. పుట్టుకతో వచ్చిన పెత్తనాలూ, గుంపు కట్టుబాట్లూ మనిషి బుద్ధికి సంకెళ్ళని సభల్లో ఎన్నోసార్లు గర్జించిన నాకు, మొదటిసారి ఒక నిజమైన కట్టుబాటు ఎదురుపడింది. చాలా ఉత్సాహం వచ్చింది. పెద్దలతో నేనే మాట్లాడతానన్నాను.

వలలు బాగుచేసుకునే పందిరి కింద మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు పందిరి అంచున నిలబడ్డారు. నేను లేచి, మనిషి అగ్గి కనిపెట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఉరుములకు భయపడ్డ మనిషి దేవుళ్ళను ఎలా కల్పించుకున్నాడో చెప్పాను. భయం అజ్ఞానానికి తల్లి ఎలా అయిందో చెప్పాను. బాగానే మాట్లాడాను. నెల్లూరు టౌనుహాల్లో అయితే అది చప్పట్లు పడవలసిన చోటు.

వెనకనుంచి ఎవరో అన్నారు: "అయ్యా, అగ్గి మాకు ఉండాది. నీళ్ళే లేవు."

పందిరంతా నవ్వింది. ఇంజనీరు కూడా తల పక్కకు తిప్పుకుని నవ్వాడు.

అప్పుడు అంచున నిలబడ్డ ఒకావిడ ముందుకు వచ్చింది. పాలెం పెద్దకు అక్క. ఆయనకే కాదు, పాలెంలో అందరికీ అక్కే. చేపలకు ఉప్పు పట్టించి పట్టించి వేళ్ళు పాలిపోయి ఉన్నాయి.

"ఏం నాయనా, మంచినీళ్ళ కోసం ఉప్పు పోసేది ఏం చదువు?" అంది.

నేను రాయి ఉబ్బడం గురించీ, ముడుచుకోవడం గురించీ చెప్పాను. ఈసారి అగ్గి జోలికి పోలేదు.

"చేపకు ఉప్పు పెడితే నీళ్ళు కారి కుదించుకపోతుంది. అట్టనా?"

"సరిగ్గా అట్టనే."

"చేప సంగతి నాకు తెలుసు. రాయి సంగతి నువ్వు చెప్తుండావు. తిరనాళ్ళలో గుడ్డు మాయం చేసేవాడు కూడా నీ మాదిరే గలగలా మాట్లాడతాడు. చెప్పబాక, చూపించు. మా చెంబులు, మేము తెచ్చిన నీళ్ళు. రాయి నేనే పగలగొడతా."

రెండు చెంబులు వచ్చాయి. ఒకదాంట్లో రైతుల ఊరి బావి నీళ్ళు, ఒకదాంట్లో మా బస్తా ఉప్పు కలిపిన నీళ్ళు. అక్క కోర్ ముక్కను రాతి మీద పెట్టి పగలగొట్టింది. అప్పుడు పాలెం పెద్ద, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడనివాడు, చెయ్యెత్తాడు.

"ఇంకొక చెంబు పెట్టండి. దాంట్లో గంగమ్మ తీర్థం పోస్తా. గొట్టాన్ని పట్టుకున్నది అమ్మే అయితే, అమ్మ నీళ్ళలో రాయి చెక్కుచెదరదు."

ఇంజనీరు నా చెవిలో, "ఇది మాత్రం ఒప్పుకోకండి, గొడవైపోతుంది" అన్నాడు. నాకూ కోపం వచ్చింది. పరీక్ష మధ్యలో తీర్థమేమిటి అని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఏళ్ళ తరబడి సభల్లో నేను జనాన్ని అడుగుతున్నది ఇదే కదా, నీ నమ్మకాన్ని పరీక్షకు పెట్టమని. ఈ మనిషి ఊరందరి ముందూ తన దేవతను చెంబులో పెట్టాడు. అంత ధైర్యంగా నేను నా నమ్మకాల్లో దేన్ని పందెం ఒడ్డాను? "పెట్టండి" అన్నాను.

మూడు చెంబుల్లో మూడు ముక్కలు పడ్డాయి. అందరూ మూగారు. బావి నీళ్ళలో రాయి పొరలు విప్పింది. పసుపు తీర్థంలోనూ అదే వేగంతో విప్పింది. ఉప్పునీళ్ళలో రాయి అలాగే ఉంది. అక్క ఆగలేదు. చెంబులో ఏమన్నా మహిమ ఉందేమోనని చెంబులు తోమించి, నీళ్ళు అటుదిటు మార్చి, కొత్త ముక్కలు పగలగొట్టి మళ్ళీ వేయించింది. మళ్ళీ అదే.

పాలెం పెద్ద తీర్థం చెంబులో వేలు పెట్టి ముద్దను కెలికి చూశాడు. "అమ్మ నీళ్ళు కూడా మంచినీళ్ళే గదా" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట మీద ఒక గంట మాట్లాడగలను. నోరు తెరిచాను.

"నువ్వు మాట్లాడబాక," అంది అక్క. "రాయి సంగతి తెలిసింది. నీళ్ళ సంగతి చెప్పు. ఇంత ఉప్పు పోస్తివి, రేపు కింద నీళ్ళు ఉప్పగిల్లిపోతే?"

"బోరులో ఉన్న ఉప్పు ముందు తోడేస్తాం. తర్వాత కింద ఊరే నీళ్ళు వస్తాయి. మనం పోసిన ఉప్పు ఆ నీళ్ళ ముందు ఎంత?"

"కింద ఊరేవి మంచినీళ్ళేనా?"

అందరూ నా మొహం చూశారు. అవునంటే దురాయి అప్పుడే లేచిపోతుంది. ఇంజనీరు నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు.

"తెలియదు," అన్నాను. "ఉండవచ్చు. లేకపోనూవచ్చు. గొట్టం రాకపోతే మాత్రం ఎప్పటికీ తెలియదు."

పాలెం పెద్ద తన అక్క వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఇందాకటి నుంచి ఇంతసేపు మాట్లాడితివి," అన్నాడాయన నాతో. "తెలియదని ఒక్క మాట చెప్పినావు, అది నమ్ముతుండా. దురాయి ఎత్తేసినా. బస్తాలు దించండి."

చిక్కటి ఉప్పునీళ్ళు గొట్టం లోపలి నుంచి దిగి, దాని చుట్టూ పైకి వస్తూ తిరగడం మొదలైంది. మొదటిరోజు ఏమీ జరగలేదు. మర్నాడు కూడా జరగలేదు. పాలెం మగవాళ్ళు సముద్రం నుంచి రాగానే నేరుగా బోరు దగ్గరికి వచ్చి కూర్చునేవారు. ఒకతను నన్ను చూసి, "సామీ, ఉప్పు చాలకపోతే రెండు వంజరం చేపలు కూడా వెయ్యండి, ఊరుతాయి" అన్నాడు. తర్వాత ఒక పొద్దున, తీగ బిగించి లాగుతుంటే, భూమి లోపల ఎవరో పళ్ళు కొరికిన చప్పుడైంది. గొట్టం బెత్తెడు లేచింది. ఆగింది. మళ్ళీ బెత్తెడు లేచింది. ఇంజనీరు టోపీ తీసి ఇసుకలో కూలబడ్డాడు. ఆయన ఏ దేవుడికి దండం పెట్టాడో నేను చూడలేదు. చూసినా ఆ పూట ఏమీ అనేవాణ్ణి కాదు.

గొట్టం వచ్చింది సరే, మళ్ళీ ఉప్పునీళ్ళతోనే తవ్వవలసి వచ్చింది. కోర్లు మళ్ళీ ఉప్పు పులుముకునే వచ్చాయి. పై ఆఫీసు ఆ ఉప్పే చూసి, ఇంత ఉప్పు రాతి కింద మంచినీళ్ళెక్కడ, వానలు పడేలోగా యంత్రాన్ని చిల్లకూరు పంపండి అంది. మంచినీళ్ళతో తవ్వితే గొట్టం పట్టేస్తుంది, ఉప్పునీళ్ళతో తవ్వితే రాయి నిజం చెప్పదు. నేను నెల్లూరు వచ్చి ఈ మొర పెద్ద కెమిస్టుగారి ముందు పెట్టుకున్నాను.

ఆయన మొదట చేసిన పని, నన్ను పిలిచి నీళ్ళ డ్రమ్మును పక్కకు దొర్లించమనడం. తర్వాత తలుపు తట్టి, అటువైపు వాళ్ళను బీరువా జరపమన్నారు. అటునుంచి ప్రెస్సు గది పెద్ద తొంగిచూసి, "ఏమండీ, ఇల్లు మారుతున్నారా?" అన్నాడు. "కాదు, ఇరుగుపొరుగు చూద్దామని" అన్నారు మా ముసలాయన. ఆ రోజునుంచి ఒకే ముక్కను రెండు గదులూ కలిసి చూశాయి. ప్రెస్సు గది రాతిని తడిపి నొక్కడం మొదలుపెట్టింది. దాని రిపోర్టుతో ఇంజనీరు కొత్తగా తవ్విన మేరకు తొడుగు దించుకుంటూ పోయాడు.

ఉప్పు సంగతి మాత్రం మా ముసలాయనే తేల్చారు. షేల్ పొరల్లోకి నీళ్ళు చాలా నెమ్మదిగా ఇంకుతాయి. బయటి ఉప్పు కోర్ పై పొరలోకే వెళ్ళి ఉంటుంది, గుండెలోకి చేరి ఉండదు. ఆయన చాకుతో దోసకాయ చెక్కు తీసినట్టు కోర్ చుట్టూ చెక్కేసి, నడిమి ముక్కను మాత్రం నూరి, శుద్ధమైన నీళ్ళలో కలిపి, వడగట్టారు. అందులో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే, ఉప్పు ఉన్నంత మేరకు తెల్లగా విరుగుతుంది. చెక్కు నుంచి తీసిన నీళ్ళు పెరుగులా విరిగాయి. షేల్ పైభాగపు గుండె కూడా దాదాపు అలాగే విరిగింది. నా మొహం వాడిపోయింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా కింది పెట్టెలు ఒక్కొక్కటే విప్పించారు. లోతుకు పోయేకొద్దీ గుండెలో తెలుపు తగ్గుతూ వచ్చింది. పాలు, మజ్జిగ, మజ్జిగ తేట. అన్నిటికన్నా కింది ముక్కలో, గాజు మీద ఊపిరి వదిలితే పట్టే ఆవిరంత తెలుపు.

"పైనుంచి ఉప్పు దిగుతోంది," అన్నారాయన. "కిందనుంచి దాన్ని ఏదో కడుగుతోంది."

నేను కలం తీసి, కింద మంచినీళ్ళున్నాయని తేలింది అని మొదలుపెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"లోతుకు పోయేకొద్దీ ఉప్పు తగ్గుతోంది అని రాయి. అంతవరకే మనం చూశాం."

"ఇంతకన్నా ఏం తేలాలండీ?"

"నువ్వే గదయ్యా సభల్లో చెబుతావు, చూడనిది నమ్మొద్దని."

ఆయన త్రాసును బట్ట కప్పి, నామం సర్దుకుని ఇంటికి వెళ్ళారు. నాస్తికుడిగా నేను పొందిన శిక్షణలో సగం ఆ ఆస్తికుడి దగ్గర పొందినదే. ఆయన ఉండగా ఈ మాట ఒప్పుకోలేదు. ఆ రిపోర్టు చూసి పై ఆఫీసు ఇంకొన్నాళ్ళు గడువు ఇచ్చింది.

షేల్ అడుగు తేలి ఇసుకరాయి తగిలింది. తొడుగు దించి, జల్లెడ గొట్టం పెట్టి, పంపు బిగించి తోడటం మొదలుపెట్టిన రోజు పాలెంలో ఒక్క పడవా సముద్రం మీదికి పోలేదు. నీళ్ళు మొదట మురికిగా, బురదగా వచ్చాయి. అక్క దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేసింది. అది మేము పోసిన ఉప్పు. మరికాసేపు తోడాక మళ్ళీ పట్టి మళ్ళీ ఉమ్మేసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ప్రతిసారీ ఆమె దోసిలి పడుతుంది, జనం ఊపిరి బిగబడతారు, ఆమె ఉమ్మేస్తుంది. ఇంజనీరు చూడలేక డేరాలోకి పోయాడు. నేను సీసాలూ సిల్వర్ నైట్రేటూ ముందు పెట్టుకుని కూర్చున్నాను గాని, చుక్క వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆమె నోరే చూస్తున్నాను.

మధ్యాహ్నం దాటాక ఒకసారి ఆమె దోసిలి పట్టింది. ఉమ్మలేదు. గొంతు కదిలింది. మళ్ళీ పట్టి తాగింది.

"ఎట్ట ఉండాయక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఏ రుచీ లేదు," అందామె.

ఆ మాట అర్థం కావడానికి జనానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత చప్పుడు లేచింది.

అమ్మవారికి ఏటపోతు పడింది, దాచడమెందుకు. గొట్టం వచ్చింది ఉప్పు వల్లే, నీళ్ళు ఇచ్చింది మాత్రం అమ్మే అని పాలెం పెద్ద నాతో రాజీ ప్రతిపాదించాడు. నేను ఒప్పుకోలేదు. "సరే, ఏటా ఒకసారి వచ్చి వాదించు" అన్నాడు. ఇంజనీరు రాజీనీ ఒప్పుకున్నాడు, మాంసమూ తిన్నాడు.

నా మనసులో మిగిలిపోయిన సంగతి తర్వాత జరిగింది. యంత్రం వెళ్ళిపోయింది, బోరుకు చేతిపంపు బిగించారు. మాదిరి నీళ్ళు పట్టుకుపోవడానికి నేను వెళ్ళేసరికి పంపు దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పేచీ జరుగుతోంది. పెద్దలు పందిరి కింద చేరారు. కాలువ గట్టు యానాదుల మాట వచ్చింది. వాళ్ళకు ఎప్పటిలా పైనుంచి పోద్దామని ఒకరు, పంపు ముట్టుకుంటే ఒప్పుకోమని ఒకరు. నేను లేవబోయాను. అంచున నిలబడ్డ అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"పైనుంచి పోస్తే ఎట్ట ఉంటుందో ఈయనకు తెలవదు. మనకు తెలుసు. ఈడ ఎవరూ ఎవరికీ పొయ్యకూడదని దురాయి వెయ్యి తమ్ముడా."

తమ్ముడు దురాయి వేశాడు. ఒకరిద్దరు తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. మాట మాత్రం ఎవరూ దాటలేదు. సభల్లో నేను నరుకుతానన్న సంకెల అది. ఆ మధ్యాహ్నం అది చేసిన పని నా ఉపన్యాసాలన్నీ కలిసి చెయ్యలేదు.

నేను సీసా నింపుకుని వచ్చేటప్పటికి ఒక యానాది ముసలామె, కుండ నేల మీద పెట్టి, అలవాటు ప్రకారం నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. పంపు దగ్గర అక్క ఉంది. బిందె నింపుకుని పక్కకు తప్పుకుంది. ముసలామె కదల్లేదు.

"కాసిని పొయ్యి తల్లీ," అంది.

"పొయ్యను," అంది అక్క, బిందె చంకకెత్తుకుంటూ. "రా, నువ్వే కొట్టుకో."